మీనంబాక్కం విమానాశ్రయం: అడిగేదెవరిని, చెప్పేదెవరు?

చెన్నై బీచ్ నుంచి తాంబరం వైపు వెళ్లే లోకల్ రైలెక్కి తిరుసూలంలో దిగితే, విమానాశ్రయం రోడ్డుకు అవతలే కనిపిస్తుంది. మెట్లు దిగి, జీఎస్టీ రోడ్డు కింద ఉన్న సబ్‌వేలోంచి అవతలి వైపు తేలితే చాలు. సూట్‌కేసు లాక్కుంటూ నడిచినా ఎంతో సేపు పట్టదు. ఆ కాస్త దూరంలోనే ఎన్నో ప్రభుత్వాల పరిధులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. స్టేషన్ దక్షిణ రైల్వేది. రోడ్డు జాతీయ రహదారి. పైన వచ్చి ఆగే మెట్రో, కేంద్ర రాష్ట్రాలు చెరిసగం వాటాతో నడిపే కంపెనీది. స్టేషన్ వెనక కొండను ఆనుకున్నది తిరుసూలం గ్రామ పంచాయతీ. ఉత్తరాన ఉన్న మీనంబాక్కం 2011 నుంచి చెన్నై కార్పొరేషన్‌లో భాగం. దక్షిణాన ఉన్న పల్లావరం 2021లో ఏర్పడిన తాంబరం కార్పొరేషన్‌లోకి వెళ్లింది. ఆ చుట్టుపక్కలే కంటోన్మెంట్ బోర్డు పరిధి కూడా ఉంది. ఇక విమానాశ్రయం గేటు దాటిన దగ్గర్నుంచి పెత్తనమంతా కేంద్రానిది.

ఏడాదికి రెండు కోట్ల మందికి పైగా వచ్చిపోయే చోటు అది. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి గల్ఫ్‌కో సింగపూర్‌కో బయలుదేరే తెలుగువాళ్లలో చాలామందికి అదే దారి. ఇంత మందికి పనికొచ్చే ఆ విమానాశ్రయం ఎలా నడుస్తోందో పైనుంచి చూసేదెవరు? అక్కడ ఏదైనా తప్పు జరిగితే ఊరివాళ్లు ఎవరిని నిలదీయాలి? ఇవాళ్టి ప్రసంగం దాని గురించే.

విమానాలతో మద్రాసు అనుబంధం చాలా పాతది. మౌంట్ రోడ్డులో హోటల్ నడిపిన జియాకోమో డి ఏంజెలిస్ అనే ఆయన 1910లో సింప్సన్ కంపెనీవాళ్ల చేత ఒక విమానం కట్టించి, పల్లావరంలో ఎగరేసి చూశాడు. 1932 అక్టోబర్‌లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తపాలా సంచులు తెస్తే, వాటిని అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసు దాకా తీసుకొచ్చినవాడు నెవిల్ వింట్సెంట్. తర్వాత మీనంబాక్కంలో విమానాశ్రయం స్థిరపడింది. 1972లో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు విమానాశ్రయాలు నాలుగింటి కోసం కేంద్రం ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టింది. దేశంలోని మిగతా విమానాశ్రయాల కోసం 1986లో మరొకటి వచ్చింది. ఆ రెండూ కలిసి 1995 ఏప్రిల్ 1న భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ, అంటే అందరూ ఏఏఐ అని పిలిచే సంస్థ, పుట్టింది. చెన్నై విమానాశ్రయం నేటికీ దాని చేతిలోనే ఉంది.

ఇది యాదృచ్ఛికంగా జరిగిన ఏర్పాటు కాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితా 29వ అంశం విమానాలనూ, విమానాశ్రయాలు నెలకొల్పడాన్నీ, వాటి నియంత్రణనూ పార్లమెంటుకే అప్పగించింది. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు మునిసిపాలిటీలకు ఇవ్వదగిన 18 పనులను పేర్కొంది. అందులో వీధి దీపాలున్నాయి, పార్కింగ్ స్థలాలున్నాయి, బస్టాపులున్నాయి, శ్మశానాలున్నాయి. విమానాశ్రయం మాటే లేదు. చెన్నై కార్పొరేషన్ 1688లో మొదలైంది. దేశంలోకెల్లా పాత నగరపాలక సంస్థ అదే. అంతటి కార్పొరేషన్‌కు కూడా తన పొలిమేరలోని విమానాశ్రయం విషయంలో చట్టం ఇచ్చిన అధికారం ఏమీ లేదు.

మరి అధికారం ఎవరెవరికి ఉందో చూద్దాం. రన్‌వే, టెర్మినల్, లోపలి దుకాణాల లీజులు, ఆకాశంలో విమానాల రాకపోకల అదుపు, ఇవన్నీ ఏఏఐవి. దాని బోర్డులో పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ పదవి రీత్యా సభ్యులు. తక్కిన సభ్యులను కేంద్రమే నియమిస్తుంది. విమానాశ్రయానికి లైసెన్సు ఇచ్చి, భద్రతా ప్రమాణాలు తనిఖీ చేసేది ఆ డైరెక్టర్ జనరల్ కార్యాలయం, డీజీసీఏ. దొంగచాటు దాడులు, హైజాకింగ్ వంటివి జరగకుండా నియమాలు రాసేది పౌర విమానయాన భద్రతా బ్యూరో. ఆ నియమాల ప్రకారం తుపాకీ పట్టుకుని గేటు దగ్గర నిలబడేది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, సీఐఎస్ఎఫ్. 1999 డిసెంబర్‌లో కాందహార్ హైజాక్ జరిగాక, 2000 నుంచి విమానాశ్రయాల కాపలాను ఒక్కొక్కటిగా ఆ దళానికి అప్పగించారు. మీనంబాక్కానికి ఆ భయం అంతకు ముందే తెలుసు. 1984 ఆగస్టు 2 రాత్రి ఇక్కడ పేలిన బాంబు ముప్పై మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఇక డబ్బు సంగతి. టికెట్టులో కలిపి వసూలు చేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు ఎంత ఉండాలి, విమానాలు దిగినందుకు, నిలిపినందుకు ఎంత కట్టాలి అన్నది తేల్చేది 2008 చట్టంతో వచ్చిన ఎయిర్‌పోర్ట్స్ ఎకనామిక్ రెగ్యులేటరీ అథారిటీ. దాన్ని ఏరా అంటారు. ఇవి కాక వలసల విభాగం, కస్టమ్స్ ఎలాగూ ఉన్నాయి. ఏ ఒక్కటీ నగరానికి జవాబుదారీ కాదు. ఒక్కొక్కటీ తన తన మంత్రిత్వ శాఖకు ఫైలు పంపుకుంటుంది.

ప్రపంచంలో అన్నిచోట్లా ఇలాగే ఉంటుందా అంటే, లేదు. అమెరికాలో పెద్ద విమానాశ్రయాలు చాలా వరకు నగరాలవో కౌంటీలవో. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాన్ని తీసుకోండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లి సిలికాన్ వ్యాలీలో స్థిరపడిన తెలుగు కుటుంబాల తల్లిదండ్రులు చాలామంది దిగేది అక్కడే. ఆ విమానాశ్రయానికి యజమాని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం. దాన్ని చూసుకోవడానికి 1970లో ఓటర్ల ఆమోదంతో అయిదుగురు సభ్యుల ఎయిర్‌పోర్ట్ కమిషన్ ఏర్పడింది. సభ్యులను మేయర్ నియమిస్తారు. పదవీ కాలం నాలుగేళ్లు. టెర్మినల్ కాంట్రాక్టు ఎవరికివ్వాలి, ఏ దుకాణానికి ఎంత అద్దె, పార్కింగ్ ఎలా ఉండాలి అన్నవి ఆ కమిషన్ సమావేశాల్లో తేలతాయి. సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి. అజెండా ముందే బయటపెడతారు. ఎవరైనా వచ్చి మైకు ముందు నిలబడి తమ మాట చెప్పుకోవచ్చు. వాళ్లు చెప్పిందంతా జరిగిపోతుందని కాదు. విన్నట్టు రికార్డు ఉంటుంది. ఫలానా రోజున ఫలానా సభ్యుడు ఎటు ఓటేశాడో అందరికీ తెలుస్తుంది.

ఆ విమానాశ్రయం శాన్‌ఫ్రాన్సిస్కో నగర సరిహద్దుల్లో లేదు. పక్కనున్న శాన్ మతేయో కౌంటీ నేల మీద ఉంది. సొంతం ఒక ఊరిది, చప్పుడు భరించేది పక్క ఊళ్లు. అందుకే 1981లో ఆ పక్క ఊళ్ల ప్రతినిధులు, విమానాశ్రయంవాళ్లు కలిసి కూర్చుని శబ్ద సమస్య గురించి మాట్లాడుకునే ఒక సంఘం పెట్టుకున్నారు. ఇప్పటికీ అది నడుస్తోంది.

లాస్ ఏంజెలిస్‌లో కమిషన్ సభ్యులు ఏడుగురు. మేయర్ పేర్లు సూచిస్తే నగర కౌన్సిల్ ఖాయం చేయాలి. అక్కడి నగర చార్టర్‌లో ఉన్న ఒక నియమం గమనించదగ్గది. ఆ ఏడుగురిలో కనీసం ఒకరు పెద్ద విమానాశ్రయం చుట్టుపక్కల కాపురముండేవాళ్లు కావాలి. మరొకరు వాన్ నైస్ అనే చిన్న విమానాశ్రయం దగ్గర ఉండేవాళ్లు కావాలి. నెత్తిమీద విమానం వెళ్తే కిటికీ రెక్కలు అదరడం ఎలా ఉంటుందో రోజూ అనుభవించే మనిషికి బోర్డులో కుర్చీ వేశారన్నమాట.

ఇంత ఏర్పాటున్నా నగరాల మధ్య తగవులు రాకపోలేదు. లాస్ ఏంజెలిస్‌కు తూర్పున ఉన్న ఒంటారియో పట్టణపు విమానాశ్రయం కూడా ఏళ్ల తరబడి లాస్ ఏంజెలిస్ నగరం చేతిలోనే ఉండేది. 2007 తర్వాత అక్కడ ప్రయాణికుల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. పెద్ద నగరం తన సొంత విమానాశ్రయాన్ని పెంచుకుంటూ తమదాన్ని నిర్లక్ష్యం చేసిందని ఒంటారియోవాళ్లు కోర్టుకెక్కారు. చివరికి రాజీ కుదిరి 2016 నవంబర్‌లో విమానాశ్రయం స్థానిక అథారిటీ చేతికి వచ్చింది. స్థానిక పెత్తనం అనగానే అన్నీ చక్కబడతాయని అనుకోకూడదు. ఎవరు స్థానికులు అన్న ప్రశ్న కూడా అక్కడే మొదలవుతుంది.

మరో సంగతి కూడా చెప్పాలి. అమెరికాలోనూ ఆకాశం నగరాలది కాదు. విమానాల రాకపోకల అదుపు, రన్‌వే భద్రతా ప్రమాణాలు ఎఫ్ఏఏ అనే కేంద్ర సంస్థ చూసుకుంటుంది. విమానాశ్రయంలో వచ్చిన ఆదాయాన్ని నగరం ఇతర ఖర్చులకు మళ్లించకూడదన్న నిబంధన కూడా ఉంది. నగర కమిషన్ చూసుకునేది నేలమీది వ్యవహారం. కట్టడం, అద్దె, పార్కింగ్, చుట్టుపక్కల జనంతో సంబంధం. అంటే విమాన భద్రత దేశమంతా ఒకే తీరుగా కేంద్రం చేతిలో ఉండాలనడానికీ, నేలమీది విషయాల్లో ఊరి మాట చెల్లాలనడానికీ మధ్య పేచీ ఏమీ లేదు.

చెన్నైలో ఊరి మాట ఎందుకు చెల్లాలో చెప్పడానికి అడయారు నది ఒక్కటి చాలు.

మీనంబాక్కంలో రెండు రన్‌వేలున్నాయి. పెద్దది 3,658 మీటర్లు. రెండోది దాన్ని అడ్డంగా కోస్తూ వెళ్తుంది. ఆ రెండోదాన్ని పొడిగించాల్సి వచ్చినప్పుడు ముందు నది అడ్డం వచ్చింది. నది మీద వంతెన కట్టి, దాని మీదుగా రన్‌వేను అవతలి ఒడ్డుకు తీసుకెళ్లారు. అవతల కొలపాక్కం, మణపాక్కం, గెరుగంబాక్కం వైపు మొదట వెయ్యి ఎకరాలకు పైగా భూమి సేకరించాలనుకున్నారు. జనం వీధికెక్కాక చివరికి సుమారు 130 ఎకరాలతో సరిపెట్టారు. ఆ వంతెన కింద నీళ్లు పారే దారి, పైన విమానాలు పరుగెత్తే దారి. వంతెన ఏఏఐది. నది రాష్ట్ర జలవనరుల శాఖది. నదిలో కలిసే వాననీటి కాలువలు కార్పొరేషన్లవి, పంచాయతీలవి, రహదారుల శాఖవి.

2015 డిసెంబర్ 1న పొద్దుటి నుంచి వాన ఆగలేదు. పైన చెంబరంబాక్కం చెరువు నిండిపోయింది. ఆ రాత్రి సెకనుకు 29,000 ఘనపుటడుగుల నీటిని అడయారులోకి వదిలారు. దారిలో ఉన్న చిన్న చెరువుల పొంగు దానికి తోడైంది. నది గట్టు దాటి విమానాశ్రయంలోకి వచ్చేసింది. తెల్లారి చూస్తే రన్‌వే ఏదో ఏరేదో తెలియలేదు. నిలిపి ఉంచిన విమానాల చక్రాలు నీళ్లలో మునిగి ఉన్నాయి. వందల మంది ప్రయాణికులు టెర్మినల్‌లో చిక్కుకుపోయారు. అరక్కోణంలోని నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ రాజాళి నుంచి కొన్ని విమానాలు నడిపి జనాన్ని తరలించారు. మీనంబాక్కంలో ప్రయాణికుల విమానాలు డిసెంబర్ 6న గానీ మళ్లీ మొదలు కాలేదు. అదే రాత్రి, అదే నీరు పక్కనున్న కౌల్ బజార్, అనకాపుత్తూరు ఇళ్లలోకీ దూరింది.

2023 డిసెంబర్ 4న మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు విమానాశ్రయం మళ్లీ మూతపడింది. 2024 నవంబర్ 30న ఫెంగల్ తుపాను రోజునా అంతే. ప్రతిసారీ ఎవరి కాలువ ఎక్కడ పూడుకుపోయింది, వంతెన కింద ప్రవాహానికి చోటు చాలిందా, ప్రహరీగోడ నీటిని ఎటు మళ్లించింది అన్న ప్రశ్నలు వచ్చాయి. ఇవి ఢిల్లీలో కూర్చుని తేల్చే ప్రశ్నలు కావు. అనకాపుత్తూరులో మోకాలి లోతు నీళ్లలో నిలబడిన మనిషికీ, రన్‌వే ఇంజనీరుకూ, చెరువు తూము ఎత్తే అధికారికీ ఒకే బల్ల ముందు కుర్చీలు వేస్తే తప్ప జవాబు దొరకదు.

పక్షుల సంగతీ అంతే. విమానం లేచేటప్పుడో దిగేటప్పుడో ఒక గద్ద ఇంజన్‌లోకి దూరితే ఎంత ప్రమాదమో పైలట్లను అడిగితే చెబుతారు. గద్దలు విమానాశ్రయం మీద ప్రేమతో రావు. పక్క వీధుల్లో మాంసం దుకాణాలు పారేసిన పేగుల కోసం, బయట పోసిన చెత్త కోసం వస్తాయి. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు పశువులను కోయకూడదు, కుళ్లు పారేయకూడదు అని 1937 నాటి విమాన నియమాల్లో 91వ నియమం చెబుతోంది. ఆ 10 కిలోమీటర్ల గీత గీస్తే పల్లావరం, పమ్మల్, తాంబరం, గిండి, పోరూరు దాకా సగం దక్షిణ చెన్నై అందులో పడుతుంది. ఆ వీధుల్లో చెత్త ఎత్తేది ఏఏఐ మనుషులు కాదు. కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికులు. పొద్దున్నే బండి రాకపోతే, మాంసం వ్యర్థాలకు వేరే డబ్బా లేకపోతే ఆ గద్ద రన్‌వే మీదికి వస్తుంది. దీనికోసం రాష్ట్ర ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఒక విమానాశ్రయ పర్యావరణ కమిటీ ఉంటుంది. స్థానిక సంస్థల అధికారులు అందులో కూర్చుంటారు. నగరమూ విమానాశ్రయమూ కాగితం మీద కలిసే చోట్లలో అది ఒకటి. అక్కడ ఏం తేల్చారో మామూలు జనానికి మాత్రం తెలియదు.

ఇల్లు కట్టుకునేవాళ్లకు విమానాశ్రయం మరో రకంగా ఎదురవుతుంది. రన్‌వే దారికి దగ్గరగా ఎత్తయిన భవనం కట్టాలంటే ఏఏఐ నుంచి ఎత్తు అనుమతి కావాలి. ప్లాన్ మంజూరు చేసేది చెన్నై మహానగరాభివృద్ధి సంస్థ సీఎండీఏనో స్థానిక సంస్థనో. ఫలానా చోట ఎంత ఎత్తు దాకా ఆందోళన అక్కర్లేదో రంగుల పటాల్లో చూపిస్తారు. ఆ పటం ప్రకారం ఒక వీధిలో నాలుగంతస్తులకు దారుండొచ్చు, పక్క వీధిలో మరో మాట ఉండొచ్చు. ఆ గీతలు గీసేటప్పుడు ఆ వీధివాళ్లను పిలిచి ఎందుకిలా గీశామో చెప్పే పద్ధతి లేదు.

ఇంతకీ ఊరివాళ్ల మాట చెప్పుకోవడానికి అసలు చోటే లేదా? ఉంది. ఏఏఐ నడిపే ప్రతి పెద్ద విమానాశ్రయానికీ స్థానిక లోక్‌సభ సభ్యుడి అధ్యక్షతన ఒక సలహా కమిటీ ఉంటుంది. చెన్నై విమానాశ్రయం శ్రీపెరుంబుదూరు నియోజకవర్గంలోకి వస్తుంది. ప్రజా ప్రతినిధులు, అధికారులు, వర్తక సంఘాలవాళ్లు ఆ కమిటీలో కూర్చుంటారు. టాక్సీల ఇబ్బంది, పార్కింగ్ దూరం, ట్రాలీల కొరత, కొత్త ఊళ్లకు విమానాలు వంటి విషయాలు అక్కడ ప్రస్తావనకు వస్తాయి. దాని పేరులోనే ఉంది, అది సలహా కమిటీ. సలహా వినాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. మామూలు మనిషి వెళ్లి కూర్చుని వినే వీలూ లేదు. మర్నాడు పేపర్లో నాలుగు ముక్కలు వస్తే అదే సమాచారం.

రెండో చోటు చాలామందికి తెలియదు. ఏరా సంస్థ ప్రతి అయిదేళ్లకూ ఒకసారి ఛార్జీలు నిర్ణయించే ముందు ఒక సంప్రదింపుల పత్రం ప్రకటిస్తుంది. విమానాశ్రయం ఎంత ఖర్చు పెట్టానంటోంది, అందులో ఎంత ఒప్పుకోవచ్చు, ప్రయాణికుడి మీద ఎంత పడుతుంది అన్నది వందల పేజీల్లో ఉంటుంది. దాని మీద ఎవరైనా రాతపూర్వకంగా అభిప్రాయం పంపవచ్చు. విమాన సంస్థలు, వాటి సంఘాలు తప్పకుండా పంపుతాయి. నెల్లూరు నుంచి తల్లిని దుబాయ్ విమానం ఎక్కించడానికి వచ్చే కొడుకు తరఫున రాసేవాళ్లు అరుదు. చెన్నైలోని వినియోగదారుల సంఘాలు, తెలుగు సంఘాలు ఈ పత్రాన్ని చదివి ఒక పేజీ రాసి పంపినా అది రికార్డులోకి ఎక్కుతుంది. దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యతా ఏర్పడుతుంది.

ఆ ఖర్చులో ఏముంటుందో చెన్నైవాళ్లకు బాగా తెలుసు. 2006లో ఢిల్లీ, ముంబై విమానాశ్రయాలు ప్రైవేటు సంస్థలకు వెళ్లినప్పుడు చెన్నై, కోల్‌కతా ఏఏఐ దగ్గరే ఉండిపోయాయి. రెండు వేల కోట్ల రూపాయల పైచిలుకు పనులతో చెన్నైని కొత్తగా తీర్చిదిద్దారు. 2013 జనవరి 31న అప్పటి ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ కొత్త టెర్మినళ్లను ప్రారంభించారు. ఆ ఏడాది నుంచే పైకప్పు పలకలు, గోడల అద్దాలు ఊడి పడడం మొదలైంది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. కొన్నేళ్ల పాటు డజన్ల కొద్దీ సార్లు పడ్డాయి. ఎన్నోసారి పడిందో పత్రికలే లెక్కపెట్టి రాసేవి. విచారణలు జరిగాయి, మరమ్మతులు జరిగాయి. పార్లమెంటులో ప్రశ్నలూ వచ్చాయి. కానీ ఆ కాంట్రాక్టు ఎవరు ఒప్పుకున్నారు, నాణ్యత ఎవరు సరిచూశారు అని నగర పౌరుడు బహిరంగ సభలో లేచి అడిగే వేదిక ఒక్కటీ లేకపోయింది. 2023 ఏప్రిల్ 8న ప్రధాని ప్రారంభించిన మరో కొత్త టెర్మినల్ భవనానికి 1,260 కోట్లు అయ్యాయి. ముగ్గులను, గుడి గోపురాలను తలపించే అలంకారాలతో అది ముచ్చటగా ఉంది. దాని ఖర్చూ చివరికి ప్రయాణికుడే మోస్తాడు.

పొరుగున ఇతర పద్ధతులు ఉన్నాయి. హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దాన్ని నడిపేది జీఎంఆర్ కంపెనీ అయినా రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, ఏఏఐకి 13 శాతం వాటా ఉంది. కంపెనీ బోర్డులో రాష్ట్రానికి గొంతు ఉంది. కొచ్చిది ఇంకో దారి. 1999లో తెరిచిన ఆ విమానాశ్రయంలో కేరళ ప్రభుత్వమే పెద్ద వాటాదారు. ముఖ్యమంత్రి ఛైర్మన్. గల్ఫ్‌లో కష్టపడిన వేల మంది మలయాళీలు వాటాలు కొన్నారు. వాళ్లకు ఏటా సర్వసభ్య సమావేశంలో లెక్కలు అడిగే హక్కు ఉంది. 2015లో ఆ విమానాశ్రయం పూర్తిగా సౌర విద్యుత్తుతో నడవడం మొదలుపెట్టింది. ఈ రెండు చోట్లా హైదరాబాద్, కొచ్చి మేయర్ల చేతిలో అధికారం లేదు, నిజమే. అయినా రాష్ట్రం దాకానైనా జవాబుదారీతనం దిగివచ్చింది. చెన్నైలో అదీ లేదు.

రేపు చెన్నై కూడా చేతులు మారవచ్చు. 2021లో కేంద్రం ప్రకటించిన ఆస్తుల నగదీకరణ పథకంలో లీజుకిచ్చే 25 విమానాశ్రయాల జాబితా ఉంది. అందులో చెన్నై పేరుంది. దీనిపై తమిళనాడు ప్రభుత్వం 2022లో తన పరిశ్రమల శాఖ విధాన పత్రంలో ఒక మాట స్పష్టంగా రాసింది. విమానాశ్రయాల కోసం రాష్ట్రం భూమి ఉచితంగా ఇస్తోంది కాబట్టి, ఆ ఆస్తిని మూడో పక్షానికి అప్పగించే రోజు వస్తే దాని విలువలోనో ఆదాయంలోనో రాష్ట్రానికి వాటా రావాలి అన్నది ఆ మాట. న్యాయమైన మాట. దాన్ని మరో మెట్టు కిందికి తీసుకెళ్లడం కూడా అంతే న్యాయం. భూమి ఇచ్చింది ఊళ్లు, నీరు మళ్లింది ఊళ్ల మీదికి, చెత్త ఎత్తేది ఊళ్లు. లెక్క చెప్పాల్సింది ఆ ఊళ్లకు కూడా.

పరందూరు చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. మీనంబాక్కంలో ఉన్న నేల సుమారు 1,300 ఎకరాలు. శంషాబాద్‌కు దాదాపు 5,500 ఎకరాలుంది. చెన్నైకి చోటు చాలదని 2022 ఆగస్టులో రాష్ట్రం కాంచీపురం దగ్గర పరందూరులో కొత్త విమానాశ్రయం ప్రకటించింది. రాష్ట్ర సంస్థ టిడ్కో దాన్ని ముందుకు నడుపుతోంది. కేంద్రం 2024లో స్థలానికీ, 2025లో సూత్రప్రాయంగా ప్రాజెక్టుకూ ఆమోదం తెలిపింది. అయిదు వేల ఎకరాలకు పైగా భూమి, 13 గ్రామాలు. అందులో చెరువులూ ఉన్నాయి, రెండు పంటలు పండే మాగాణీ ఉంది. ఏకనాపురం ఊరివాళ్లు పొలం పని ముగించుకుని సాయంత్రం పూట ఒక్కచోట చేరి నిరసన తెలపడం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి సాగించారు. గ్రామసభలో మళ్లీ మళ్లీ తీర్మానాలు చేశారు. ఆ తీర్మానాలకు ఆమోద ప్రక్రియలో ఏ మెట్టు దగ్గరా కట్టుబడాల్సిన విలువ లేదు. విమానాశ్రయం అవసరం అనేవాళ్లూ, వద్దనేవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని కాగితాలు ముందు పెట్టుకుని వాదించుకునే చోటు ఒకటి ఉండి ఉంటే, ఆ సాయంత్రాలన్నీ వీధిలో గడిచేవి కావు.

అమెరికా నగరాల కమిషన్‌ను తెచ్చి చెన్నైలో నాటాలని ఎవరూ అనడం లేదు. దానికి రాజ్యాంగమే అడ్డొస్తుంది. ఉన్న చట్టం లోపలే చేయదగినవి కొన్ని ఉన్నాయి. ఎంపీ అధ్యక్షతన ఉన్న సలహా కమిటీ మూడు నెలలకోసారి ముందే ప్రకటించిన తేదీన కూర్చోవాలి. అజెండా, చర్చించిన విషయాలు, ఏఏఐ ఇచ్చిన జవాబులు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ అందరికీ దొరకాలి. చెన్నై, తాంబరం మేయర్లకూ, తిరుసూలం, కౌల్ బజార్ వంటి పంచాయతీల అధ్యక్షులకూ అందులో కుర్చీ ఖాయంగా ఉండాలి. ఏడాదికొకసారి, అదీ ఈశాన్య రుతుపవనాలు మొదలవకముందే సెప్టెంబర్‌లో, అడయారు వంతెన గురించీ కాలువల గురించీ జలవనరుల శాఖ, కార్పొరేషన్లు, ఏఏఐ కలిసి ఊరివాళ్ల ఎదుట మాట్లాడాలి. పక్షుల సంగతి చూసే విమానాశ్రయ పర్యావరణ కమిటీ నిర్ణయాలను వార్డుల వారీగా ప్రకటించాలి. ఇందులో దేనికీ పార్లమెంటు కొత్త చట్టం చేయాల్సిన పని లేదు.

2024 జూన్‌లో పౌర విమానయాన శాఖ శ్రీకాకుళానికి చెందిన కింజరాపు రామ్మోహన్ నాయుడు చేతికి వచ్చింది. అంతకు ముందు 2014 నుంచి 2018 దాకా విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు ఆ శాఖ చూశారు. చెన్నైలోని తెలుగు సంఘాలకు ఆ మంత్రిత్వ శాఖ తలుపు తట్టడం కష్టం కాకూడదు. పరందూరులో విమానాశ్రయం కట్టి నడిపే కంపెనీతో ఒప్పందం రాసేటప్పుడు, ఆ 13 గ్రామాల నుంచి ఎన్నికైన ఒక ప్రతినిధికి బోర్డులో స్థానం ఉండాలన్న ఒక్క షరతు చేర్చమని అడగవచ్చు. మీనంబాక్కం లీజు పత్రం సిద్ధమయ్యే రోజు వస్తే అందులోనూ అదే అడగవచ్చు. సంతకాలు అయిపోయాక అలాంటి ఒప్పందాలు దశాబ్దాల పాటు నడుస్తాయి. కాబట్టి అడగాల్సింది ఇప్పుడే.